పిచ్చుక ముందద్దం రబ్బరు

మా అత్త ఫోనెత్తితే హలో అనదు. "పార్ట్ నంబరు చెప్పండి" అంటుంది. ఇంట్లో కూడా అంతే. ఆదివారం మా నాన్న ఫోన్ చేసినప్పుడు ఒకటి రెండుసార్లు అలాగే అనేసింది. "నాకు నంబరెక్కడిదే, నేను నీ అన్నని" అని ఆయన అటునుంచి పడీపడీ నవ్వాడు. అత్త నవ్వలేదు. "సరే, ఏం కావాలో చెప్పు" అంది.

చదువు కోసం నేను అత్త దగ్గర ఉండేదాన్ని. రెండో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు, పక్క మేడ గోడ తప్ప ఇంకేమీ కనిపించని బాల్కనీ. నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే టీ కప్పు. నాకోసం రెండోది కొని, స్టోరులో ఇనుప సామాను చుట్టే జిడ్డు కాగితంలో చుట్టి తెచ్చింది. ఎన్నిసార్లు కడిగినా ఆ కప్పుకి గ్రీజు వాసన పోలేదు. అత్తకి పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదన్న దానికి మా ఇంట్లో ఎవరి లెక్క వాళ్ళకుంది. అత్తని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

ఆమె పనిచేసేది ఒక కార్ల కంపెనీలో. కొత్త కార్లు అమ్మే అద్దాల మేడలో కాదు, దాని వెనక పాత ఫ్యాక్టరీ నేలమాళిగలో. ఆ కంపెనీ ఒకప్పుడు ఒక స్పోర్ట్స్ కారు తయారుచేసేది. రెండే సీట్లు, మడిచి వెనక్కి పడేసే గుడ్డ టాపు, నేలకి ఆనుకుని పోయే ఒళ్ళు. ముందు నుంచి చూస్తే గింజ కోసం వంగినట్టుంటుందని పనివాళ్ళు దాన్ని పిచ్చుక అన్నారు. ఆ పేరే నిలిచింది. దాని తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. "మా పిచ్చుక ఒక్కటి తిరుగుతున్నా దానికి సామాను మేమిస్తాం" అని కంపెనీ పెట్టిన పెద్దమనిషి ఎప్పుడో మాటిచ్చాడు. ఆయన పోయాడు, మాట మిగిలింది. ఆ మాటకి ఒక ఫోను, వరసలు వరసలుగా ర్యాకులు, మా అత్త, ఒక ప్యాకింగాయన.

నేలమాళిగకి ఒక్కటే కిటికీ, పైన కప్పుకి దగ్గరగా. అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. అత్త కుర్చీ దాని కిందే. చెప్పుల్ని బట్టి ఎవరు ఎప్పుడు ఆఫీసుకి వెళ్తారో, ఎవరికి కొత్తగా ఉద్యోగం వచ్చిందో, ఎవరు కుంటుతున్నారో ఆమెకి తెలుసు. మొహాలు మాత్రం ఒక్కటీ తెలియదు.

ఫోన్ చేసేవాళ్ళు కూడా అంతే, ఉత్త గొంతులు. పాత పిచ్చుకని షెడ్డులో పెట్టుకుని బోల్టు బోల్టూ విప్పి మళ్ళీ నిలబెట్టాలని చూసేవాళ్ళు. ఒకాయనకి తలుపు బందు కావాలి. ఇంకొకాయనకి కార్బరేటర్ మూత కావాలి. అడిగిన వాటిలో సగానికి పైగా అత్త చెప్పాల్సిన మాట "లేదు". ఆ మాట ఆమె మెత్తగా, పిల్లాడికి జ్వరం వచ్చిందని తల్లికి చెప్పినట్టు చెప్పేది. ప్యాకింగాయన ఆమెకి లేదక్క అని పేరు పెట్టాడు. "లేదక్కా, భోజనానికి వస్తావా?" "వస్తాను." "హమ్మయ్య, ఇవాళ ఒకటైనా ఉంది!" రోజూ ఇదే వేళాకోళం. రోజూ నవ్వేది ఆయనొక్కడే.

ఆ స్టోరులో ఒక పద్ధతి ఉంది. ఏ సామానైనా అమ్ముకుంటూ వస్తారు గానీ, చివరి ఒక్కటి అమ్మరు. దానికి ఎర్రగుడ్డ కట్టి వెనక గదిలో పెడతారు. దాన్ని తల్లి అంటారు. రేపు మళ్ళీ ఆ సామాను చేయించాల్సి వస్తే ఆ తల్లిని చూసి అచ్చు తీయాలి. కొలతలు రాసిన నక్షాలు ఎన్నో పాడైపోయాయి, తల్లులు మాత్రం ఉన్నాయి. వెనక గది తాళం అత్త దగ్గర ఉంటుంది. ఎవరెంత బతిమాలినా తల్లి బయటికి రాదు. కావాల్సినవాళ్ళు తగినంతమంది తేలితే సోమవారం పొద్దున మీటింగులో మేనేజరు అడిగినప్పుడు అత్త చెప్పాలి. ఆమె చెబితే చేయిస్తారు, చెప్పకపోతే లేదు. అంతా నోటి మాట మీదే నడిచేది.

గడియారాలాయన అత్తకి ఫోన్ చేయడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఊరికి అవతలి కొసన ఉంటాడు. జీవితమంతా గడియారాలు బాగుచేసి, దుకాణం మూసేశాక, వెనక సందులో టార్పాలిన్ కింద ఎవరూ పట్టించుకోని పిచ్చుకని ఇంటికి తోలించుకున్నాడు. బుధవారం, పదకొండు దాటాక ఫోన్ చేసేవాడు. అప్పటికి అత్త ర్యాకులు చూసుకుని కూర్చుంటుందని ఆయనకి ఎలాగో తెలిసింది.

"పార్ట్ నంబరు చెప్పండి."

"నంబరు తర్వాత చెబుతానమ్మా. ముందు రోగం విను. పెద్ద ముల్లుకి ఆయాసం వచ్చినట్టు, ఇంజను ఒక చుట్టు తిరిగి ఆగిపోతోంది."

"ఇంజనుకి ముల్లు ఉండదండీ."

"ఉండదు, నాకు తెలుసు. నీ చేత ఇంకో మాట మాట్లాడిద్దామని."

ఇంటికొచ్చి ఆ మాటలు నాకు చెప్పేటప్పుడు అత్త ఆయన గొంతు పెట్టేది. ఆమె ఇంకొకళ్ళ గొంతుతో మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్క విషయంలోనే. ఆయన కూతురు టౌన్ బస్సు డ్రైవరు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. వాళ్ళ పెరట్లో వాన నీళ్ళు ఎటు పోతాయో, కూతురికి ఏ రూటు వేస్తే విసుగో, అన్నీ అత్తకి తెలుసు. తన సంగతి ఆమె ఎప్పుడూ ఏమీ చెప్పలేదట. అయినా ఆయన ఒకసారి అడిగాడు. "నీ అన్నం డబ్బా మూత ఇవాళ గట్టిగా పట్టేసినట్టుందే?" ఫోన్లో చప్పుడు విన్నాడు. ఆ మాట చెప్పి అత్త చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

అలా ఆయన కారు ముక్క ముక్కగా అత్త చేతుల మీదుగా వెళ్ళింది. హెడ్‌లైటు అంచు, బ్రేకు తీగ, డిక్కీ మూత పట్టి ఉంచే చిలుక, వెనక లైటు అద్దాలు. అన్నీ ఆమే జిడ్డు కాగితంలో చుట్టింది. ప్యాకింగాయన చుట్టబోతే "అది నేను చూస్తాలే" అనేది.

ఆ వేసవి మొదట్లో ఆయన ముందద్దం రబ్బరు అడిగాడు. అద్దం చుట్టూ, కారు చట్రానికీ అద్దానికీ మధ్య బిగించే నల్ల రబ్బరు. అది లేకపోతే అద్దం నిలవదు, అద్దం లేకపోతే బండి రోడ్డెక్కదు.

"లేదండీ" అంది అత్త. నిజమే. ఉన్నది తల్లి.

"ఇదొక్కటేనమ్మా నాకు బాకీ. ఇది పడితే బండి పూర్తయినట్టే." ఇంకా అన్నాడట. "చలికాలం దాకా చూపు ఉంటుందన్నాడు డాక్టరు. నా చూపుకి నట్టనడుమ మసక కమ్ముకుంటోంది. అందరూ గుడ్డి కన్నా మెల్ల మేలంటారు గానీ, స్టీరింగు దగ్గర రెండూ ఒకటే కదా. ఒక్కసారి నేనే తోలుకుని ఏటి వంతెన దాకా వెళ్ళి రావాలని నా కోరిక. చేయించగలవా?"

"అడిగి చెబుతాను."

ఆ సోమవారం మేనేజరు, అత్త కన్నా చిన్నవాడు, ఎప్పటిలాగే అడిగాడు. "మేడమ్, ఏమైనా చేయించాలా?"

"లేదు" అంది అత్త.

తర్వాతి సోమవారమూ అదే అడిగాడు. అత్త లేదనే అంది.

రబ్బరు కోసం అప్పటికే ఇంకా కొందరు ఫోన్ చేసి ఉన్నారు. చేయించడానికి చాలినంతమందే. అది ప్యాకింగాయనకి కూడా తెలుసు. "లేదక్కా, పిచ్చుక రబ్బరు ఇంకా పైకి చెప్పలేదా? ఆలస్యం అమృతం విషం అన్నారు" అన్నాడు ఒకరోజు. "చూద్దాంలే" అంది. బుధవారం ఫోను మోగేది. "ఏమైనా తెలిసిందా?" "ఇంకా లేదండీ." ఆ తర్వాత వానల గురించీ కూతురి గురించీ మాటలు. రబ్బరు రానంతకాలం బుధవారం వస్తూనే ఉంటుంది. వేసవంతా ఆమె అలా దాటించింది.

ఈ సంగతి అత్త నాకు అప్పుడు చెప్పలేదు. ఆ రోజుల్లో నాకు తెలిసిందల్లా మంగళవారం రాత్రి ఆమె చీరకి ఇస్త్రీ చేసుకుంటుందని. నేలమాళిగలో ఆ చీర చూసేవాళ్ళెవరని నేను అనుకునేదాన్ని.

వేసవి చివర ఒక బుధవారం ఆయన ఏదో చిన్న వాషరు కోసం నంబరు చదివాడు. ఆ నంబరుకి పిచ్చుకలో అసలు సామానే లేదు. అత్త మళ్ళీ చదవమంది. ఈసారి ఇంకో నంబరు వచ్చింది. మూడోసారి ఇంకొకటి. ఆయన నవ్వాడు. "అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయమ్మా. గడియారాలాయనకి అంకెలతో గొడవ, చూశావా?" అత్త నవ్వలేదు. ఫోను పెట్టేసి వెనక గదిలోకి వెళ్ళి ర్యాకుకి వేలాడుతున్న తల్లి రబ్బరు ముందు నిలబడిందట, లోపలికి ఎందుకు వెళ్ళిందో మరిచిపోయినదానిలా.

సోమవారం మేనేజరు అడిగాడు. "ఉంది" అంది అత్త. ఆయన తలెత్తి చూశాడు. "పిచ్చుక ముందద్దం రబ్బరు. త్వరగా కావాలి."

తల్లి ఎర్రగుడ్డ విప్పించుకుని అచ్చుపోసే చోటికి వెళ్ళింది. కొత్త రబ్బర్లు వచ్చేసరికి పొద్దున మంచు పడుతోంది. నల్లగా, మెత్తగా, కొత్త చెప్పుల వాసనతో వచ్చాయి. అత్త ఆ రోజు తనే ఆయనకి ఫోన్ చేసింది. ఇన్నేళ్ళలో ఆమె చేయడం అదే మొదటిసారి.

"ఎంత మాటమ్మా! నాకోసం ఇంత పని చేయించావా?" అని ఆయన ఊరికే పొంగిపోయాడు. ఆ సంబరం ఆమె భరించలేకపోయింది.

"మీకోసం కాదండీ. మీకోసమైతే వేసవిలోనే చెప్పేదాన్ని. నేనే చెప్పలేదు."

"ఎందుకని?"

"బండి పూర్తయితే మీరిక ఫోన్ చేయరని."

ఆయన అన్నాడు. "వేసవిలో నాకు రోడ్డు కనిపించేదమ్మా." ఫోను పెట్టేశాడు.

ఆ బుధవారం ఫోను మోగలేదు. తర్వాతి బుధవారం మోగింది గానీ ఆయన కాదు, కూతురు.

"రబ్బరు వచ్చిందండీ. కూర్చోవట్లేదు. పైన సరిపెడితే కింద మూలలు లేచిపోతున్నాయి. కింద పెడితే పైన. పొట్టిగా ఉంది."

"నాన్నగారు?"

"పక్కనే ఉన్నాడు. మాట్లాడనంటున్నాడు."

ఆ వారమంతా రబ్బరు తీసుకున్న ప్రతివాళ్ళూ అదే మాట చెప్పారు. అత్త తల్లిని తెప్పించి బల్ల మీద పరిచి, ప్యాకింగాయనతో కలిసి చూసింది. కొత్తదీ తల్లీ అచ్చం ఒక్కలాగే ఉన్నాయి. తప్పు అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ వాళ్ళు తల్లిని చూసి చేయించినవన్నీ ఇనుప సామాన్లే. బందులు, చిలుకలు, మూతలు. ఇనుము ఎన్నేళ్ళున్నా ఉన్నంతే ఉంటుంది. రబ్బరు అలా కాదు. వాడకపోయినా, ఎవరూ ముట్టుకోకపోయినా, వేలాడదీసిన చోటే ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ముడుచుకుపోయింది. అచ్చు తీసేవాళ్ళు దాని ముడుచుకున్న కొలతనే కొలతనుకున్నారు. ఆ గది తాళం పట్టుకు తిరిగిన అత్త కూడా అదే అనుకుంది.

"తల్లిని చూసి పిల్లని చేసుకోమన్నారు" అన్నాడు ప్యాకింగాయన గడ్డం గోక్కుంటూ. "తల్లే ముడుచుకుని కూర్చుంటే పిల్ల ఎలా ఉంటుంది లేదక్కా!" ఆ మాటకి అత్త నవ్విందట. నవ్వి, కుర్చీలో కూలబడిందట.

సరైన కొలత కావాలంటే ఒకటే దారి. దెబ్బలు, అతుకులు పడని ఒక పిచ్చుక చట్రం దొరకాలి, దాని మీద కాగితం పెట్టి అంచు గీసుకోవాలి. ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది చట్రాలు ఎప్పుడో ఒకప్పుడు వెల్డింగు అయినవే. టార్పాలిన్ కింద ఎవరూ పట్టించుకోకుండా పడున్నది ఒక్కటే, గడియారాలాయనది. మేనేజరు ఎవరినైనా పంపిస్తానన్నాడు. "నేనే వెళ్తాను" అంది అత్త.

ఆదివారం ఇద్దరం బయల్దేరాం. చుట్టిన గోధుమరంగు కాగితం అత్త ఒళ్ళో ఉంది. బస్సులో ఆమె నాకు ఇదంతా చెప్పింది. నా మొహం చూడకుండా కిటికీలోంచి చూస్తూ చెప్పింది. మాటలు నాకూ అంత తొందరగా రావు. "నువ్వు రావాల్సింది కాదేమో అమ్మడూ. ఆయన తిడితే నీ ముందు బాగుండదు" అంది దిగేముందు. "కాగితం ఇంకో కొస ఎవరు పట్టుకుంటారు?" అన్నాను.

కూతురు తలుపు తీసింది. పొట్టి జుట్టు, గట్టి చేతులు. "మీరా అక్కా! గొంతుని బట్టి ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నాను" అంది. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఒక ముక్కాలిపీట మీద ఆయన కూర్చుని ఉన్నాడు, సన్నగా, మెడ దాకా గుండీలు పెట్టుకుని. మేం లోపలికి వెళ్తే ఆయన మా వైపు తిరగలేదు. మొహం పక్క గోడకి తిప్పుకున్నాడు. ఎంత కోపమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన చూస్తున్నది మమ్మల్నే. చూపు నట్టనడుమ పోయింది గనక, మొహం పక్కకి తిప్పితేనే ఎదుటి మనిషి కంటి కొసకి అందుతుంది.

"నాన్నా, కంపెనీ అక్క వచ్చింది."

"తెలుసు. అడుగుల చప్పుడు విన్నాను. మెల్లగా నడిచే మనిషే" అన్నాడు.

అత్త కారు ముందు నిలబడిపోయింది. ఆమె అక్కడ పనిచేసిన ఇన్నేళ్ళలో ఒక పిచ్చుకని నిండుగా చూడటం అదే మొదటిసారి. నేలమాళిగలో ఎప్పుడూ ముక్కలే. ఆకుపచ్చ రంగు, వంగిన ముక్కు, అద్దం లేని ముందుభాగం కన్ను తీసేసినట్టు ఖాళీగా ఉంది. ఆమె చుట్టూ ఒకసారి తిరిగింది. హెడ్‌లైటు అంచు దగ్గర ఆగింది. డిక్కీ చిలుక దగ్గర వంగింది. ముట్టుకోలేదు. పెద్దవాళ్ళైపోయిన పిల్లల్ని పరాయింట్లో చూసినట్టు చూసింది.

కాగితం పరిచాం. నేను ఒక కొస పట్టుకున్నాను, కూతురు ఇంకో కొస. అత్త చట్రం అంచు వెంట పెన్సిలు పడుకోబెట్టి రుద్దుతూ పోయింది. కింది మూల దగ్గర గీత తడబడింది.

"అక్కడ అంచు లోపలికి తిరుగుతుంది. వేలితో నొక్కి చూడాలి" అన్నాడు ఆయన గోడ వైపు చూస్తూనే.

"ఎక్కడండీ?"

ఆయన లేచి వచ్చాడు. బొటనవేలు అంచు మీద పెట్టి, మెల్లగా జరుపుతూ, ఒకచోట ఆపాడు. అత్త ఆ వేలి పక్కన గీత గీసింది. వేలు జరిగింది, పెన్సిలు జరిగింది. నాలుగు మూలలూ అలాగే అయ్యాయి. కాగితం చుట్టేశాక ఆయన మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. "ఈసారి త్వరగా చెప్పమ్మా" అన్నాడు. అత్త తల ఊపింది. తల ఊపడం ఆయనకి కనిపించదని గుర్తొచ్చి, "చెబుతానండీ" అంది.

రెండోసారి రబ్బరు తయారై వచ్చిన రోజు అత్త దాన్ని పార్సిలు చేయలేదు. మరుసటి ఆదివారం సంచిలో పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. కూతురికి ఆ రోజు డ్యూటీ. మధ్యాహ్నం గానీ రాదు. "అమ్మాయి వచ్చాక పెడదామా?" అంది అత్త. "ఆగింది చాలు" అన్నాడాయన. అన్నాక మాట కటువైందనుకున్నాడో ఏమో, "సబ్బు నీళ్ళు కలుపుతాను" అని లోపలికి వెళ్ళాడు.

ఆ పనికి ఇద్దరు మనుషులు కావాలి. రబ్బరుని అద్దానికి తొడిగి, దాని గాడిలో చుట్టూ ఒక తాడు దూర్చి, కొసలు కారు లోపలికి వదులుతారు. లోపలి మనిషి తాడు కొద్దికొద్దిగా లాగుతుంటే, బయటి మనిషి సరిగ్గా అదే చోట అద్దాన్ని అరచేత్తో నొక్కాలి. ఒకరు ముందు వెళ్ళినా, ఒకరు వెనకబడినా రబ్బరు పెదవి లాంటి అంచు మడత పడిపోతుంది. ఆయన లోపల కూర్చున్నాడు. అత్త బయట కారు ముక్కు మీదికి వంగి అరచేతులు అద్దానికి ఆనించింది.

"లాగుతున్నా."

"ఊఁ."

"నొక్కు."

"నొక్కానండీ. ఇంకొంచెం ఇటు."

మధ్యలో అద్దం. ఆయన మొహం పక్కకి తిప్పి ఆమెని చూస్తున్నాడు, ఆమె ఆయన చేతిని చూస్తోంది. తాడు ఒక మూల తిరిగింది, రెండో మూల తిరిగింది. నేను సబ్బు నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. చివరి మూల దగ్గర "టప్" మని చిన్న చప్పుడైంది. తాడు మొత్తం ఆయన ఒళ్ళో పడింది. రబ్బరు మూలలు నాలుగూ చట్రం మూలల్లో కూర్చున్నాయి.

అత్త అరచేతులు ఇంకా అద్దం మీదే ఉన్నాయి. వాటిని తీశాక రెండు తడి ముద్రలు కాసేపు అక్కడే ఉండి, మెల్లగా ఆరిపోయాయి.

కూతురు డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. బండి చుట్టూ తిరిగి, "అయితే ఏటి వంతెన దాకా ఎవరు తోలతారు డ్రైవరుగారూ?" అంది తండ్రితో. ఆయన తాళాలు చేతిలో తిప్పుతూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తాళాలు ఆమెకిచ్చి, చేత్తో తడుముకుంటూ అవతలి వైపుకి వెళ్ళి కూర్చున్నాడు. అత్త అటు చూడలేకపోయింది. సంచీ మడతపెడుతూ ఉండిపోయింది.

రెండే సీట్లు. మేం గేటు దగ్గర నిలబడ్డాం. ఇంజను ఒక చుట్టు తిరిగి, దగ్గి, అందుకుంది. పిచ్చుక వీధిలోకి వంగి పరుగెత్తింది. అది మలుపు తిరిగేదాకా అత్త చూస్తూనే ఉంది. "ఎడమ వెనక లైటు కాస్త మసగ్గా ఉంది" అంది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆయన జుట్టంతా రేగిపోయి ఉంది. "గాలి మొహానికి తగల్లేదమ్మా, అద్దం ఆపేసింది. పైనుంచే వచ్చింది" అన్నాడు, అత్త నిలబడ్డ వైపుకి మొహం పక్కగా తిప్పి. కూతురు సీటు తట్టింది. "రా అక్కా, నువ్వూ ఒక రౌండు."

"లేదు లేమ్మా, మా బస్సుకి టైమైంది" అంది అత్త. బస్సులు చాలానే ఉన్నాయని నాకూ తెలుసు, బస్సు డ్రైవరుకీ తెలుసు.

ఆ తర్వాత బుధవారాలు ఉత్త బుధవారాలయ్యాయి. అత్త చీర ఇస్త్రీ చేసుకోవడం మానలేదు గానీ, ఏ రోజు పడితే ఆ రోజు చేసుకునేది. కొత్త రబ్బరు ఒకటి వెనక గదికి వెళ్ళింది. పాత తల్లికి ఉండే ఎర్రగుడ్డని అత్త దీనికి కట్టింది. పాతదాన్ని పారేస్తానని ప్యాకింగాయన అంటే, "ఉండనీ" అంది. కొత్తదాని కింద చట్రం గీసిన ఆ గోధుమరంగు కాగితం చుట్టి పెట్టింది. ఇక ముందు ఎవరూ రబ్బరుని చూసి కొలవకూడదని.

సెలవుల్లో ఒకరోజు అన్నం డబ్బా ఇవ్వడానికి నేను నేలమాళిగకి వెళ్ళాను. బయట గట్టి వాన. పైకిటికీలో తడిసిన కాళ్ళు అటూ ఇటూ పరుగెడుతున్నాయి. ఏ వారమో గుర్తులేదు, బుధవారం మాత్రం కాదు. ఫోను మోగింది.

"పార్ట్ నంబరు చెప్పండి" అంది అత్త.

అటువైపు గొంతు నాకు కూడా వినపడింది. ఆయన అరుస్తున్నాడు. వెనకాల రేకుల మీదో, గుడ్డ టాపు మీదో వాన చప్పుడు.

"వానొచ్చిందమ్మా! నేను బండిలోనే కూర్చుని ఉన్నా. అద్దం నాలుగు మూలలా వేలు పెట్టి చూశా. చుక్క రాలేదు!"

"ఇంకేం కావాలండీ?" అంది అత్త. ఎవరితోనైనా ఫోను పెట్టేముందు ఆమె అడిగేది అదే.

"ఏమీ వద్దు" అన్నాడాయన.

ఫోను మాత్రం పెట్టలేదు. అత్త కూడా పెట్టలేదు. రిసీవరు చెవికి ఆనించుకుని కిటికీ కేసి తలెత్తి కూర్చుంది. అక్కడి వానా ఇక్కడి వానా కలిసి వినిపిస్తున్నాయి. నేను డబ్బా బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి బయటికి వచ్చేశాను.